తీర్పు ఎవరిది, శిక్ష ఎవరిది: ఒక లీగల్ ఇంగ్లిష్ కేస్ స్టడీ

లీగల్ ఇంగ్లిష్ నేర్పేవాళ్లలో మరణశిక్ష పాఠానికి తేలిక పాఠమని పేరు. దాని మీద ప్రతి ఒక్కరికీ ఏదో ఒక అభిప్రాయం ఉంటుంది. చర్చ మొదలుపెడితే చాలు, గంట ఇట్టే గడిచిపోతుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కిందటేడాది ఒక విద్యార్థినితో జరిగిన పన్నెండు క్లాసుల తర్వాత ఆ పాఠాన్ని మొదటి నుంచి మార్చుకోవాల్సి వచ్చింది. ఎందుకో, ఎలాగో రాసి పెడితే ఇదే పని చేసే నలుగురికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో. ఆరేళ్లు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేశాను, ఎక్కువగా సివిల్ కేసులే. తర్వాత హైదరాబాద్ ఇఫ్లూలో రష్యన్ చదివాను. మా నాన్న అలమారలో విశాలాంధ్రలో కొన్న మాస్కో తెలుగు పుస్తకాలు వరసగా ఉండేవి. ఆ కథల అసలు భాష ఎలా ఉంటుందో చూద్దామన్న సరదా తప్ప అప్పట్లో పెద్ద ఆలోచనేమీ లేదు. ఇప్పుడు అదే నా జీవనాధారం. రష్యన్ మాట్లాడే లాయర్లకు, లా విద్యార్థులకు ఆన్‌లైన్‌లో లీగల్ ఇంగ్లిష్ చెబుతాను.

ఈ విద్యార్థిని అల్మాటీలో ఒక కంపెనీకి లీగల్ అడ్వైజర్. నలభై దాటినావిడ. దేశం కజకిస్తాన్ అయినా ఇంట్లోనూ ఆఫీసులోనూ రష్యనే. పేరు చెప్పను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఇలా రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. మొదటి రోజు మా నాన్న పేరు అడిగారు. రష్యన్‌లో టీచర్ని పేరు, దాని పక్కన తండ్రి పేరు కలిపి పిలవాలి కదా. వెంకట్రావు అని చెప్పాను. ఆ రోజు నుంచి నేను ‘వెంకట్రావొవ్నా’నయ్యాను. మా నాన్నకు చెబితే తెగ మురిసిపోయారు.

కాంట్రాక్టుల ఇంగ్లిష్‌లో ఆవిడకు నేను నేర్పాల్సింది పెద్దగా లేదు. లీగల్ ఇంగ్లిష్ మీద పెట్టే టోలెస్ పరీక్షకు తయారవుతున్నారు. ఇండెమ్నిటీ, వారంటీ, ఫోర్స్ మజూర్ లాంటివి నిద్రలో అడిగినా చెబుతారు. అయినా చేరేటప్పుడు నింపే ఫారంలో ‘ఏం కావాలి’ అన్న చోట క్రిమినల్ లా పదజాలం అని రాశారు. టోలెస్‌లో ఎక్కువగా వచ్చేది వాణిజ్య న్యాయమే. క్రిమినల్ లా ఎందుకని నేను అడగలేదు. ఈ కేసులో నా మొదటి తప్పు అదే.

కంఠతా వచ్చిన వ్యాసం

రష్యన్ స్కూళ్లలో ఇంగ్లిష్ చదివినవాళ్ల దగ్గర ‘టోపిక్’ అనే సరుకు ఒకటి ఉంటుంది. ఒక విషయం మీద పేజీన్నర వ్యాసం కంఠతా పట్టి పరీక్షలో అప్పజెప్పడం. మన ఇంటర్మీడియట్ ఎస్సే ఆన్సర్ల లాంటిదే. లండన్ మీద ఒకటి, పర్యావరణం మీద ఒకటి, మరణశిక్ష మంచీచెడ్డల మీద ఒకటి. మొదటి క్లాసులో ఆవిడ ఆ మూడోదాన్ని తడుముకోకుండా అప్పజెప్పారు. డిటరెంట్, రెట్రిబ్యూషన్, మిస్‌క్యారేజ్ ఆఫ్ జస్టిస్, అన్నీ వచ్చాయి. ఉచ్చారణ కూడా బాగుంది.

అయితే ఒక చిన్న ప్రశ్న అడిగాను. ఇంగ్లండ్‌లో హత్య కేసులో ఎవరు ఏం చెబుతారు? అంతవరకూ ధారగా వచ్చిన మాటలు ఆగిపోయాయి. కాసేపటికి వచ్చిన వాక్యాలు నా నోట్‌బుక్‌లో ఇలా ఉన్నాయి: ‘ది జడ్జ్ గేవ్ హిమ్ వర్డిక్ట్ టు డెత్.’ ‘హీ వజ్ కన్విక్టెడ్ ఫర్ మర్డర్.’ ‘హీ వజ్ అక్యూజ్డ్ ఇన్ మర్డర్.’ ‘ప్రెసిడెంట్ గేవ్ హిమ్ అమ్నెస్టీ.’

ఇందులో ఏ మాటకూ అర్థం తెలియక చేసిన తప్పు లేదు. అన్ని మాటలూ ఆవిడకు తెలుసు. ఏ మాట ఎవరి నోట, ఏ దశలో రావాలో మాత్రం తెలియదు. ఇది నాకు వెంటనే తట్టలేదు. పదాలు రావడం లేదనుకుని జాబితాలు తయారు చేశాను. రష్యన్ ఒకవైపు, ఇంగ్లిష్ ఒకవైపు, నలభై మాటలు, ఫ్లాష్ కార్డులు. రెండో క్లాసు, మూడో క్లాసు వాటికే పోయాయి. కార్డు చూపిస్తే మాట ఠక్కున చెప్పేవారు. వాక్యంలోకి వచ్చేసరికి మళ్లీ అదే తప్పు.

తప్పులు ఎక్కడి నుంచి వచ్చాయి

అన్నిటికీ మూలం ప్రిగవోర్ అన్న ఒక్క మాట. రష్యన్‌లో నేరం రుజువైందని కోర్టు చెప్పేదీ ప్రిగవోరే, ఎన్నేళ్లు జైలో చెప్పేదీ ప్రిగవోరే, ఆ రెండూ రాసి ఉన్న కాగితమూ ప్రిగవోరే. ఇంగ్లిష్‌లో జ్యూరీ చెప్పేది వర్డిక్ట్. దోషి అని తేలితే అది కన్విక్షన్. జడ్జి వేసేది సెంటెన్స్. చివర్లో వచ్చే కాగితం జడ్జిమెంట్. రష్యాలో జ్యూరీ కేసులున్నాయి కాబట్టి అక్కడివాళ్లకు వెర్దిక్త్ అన్న మాట వేరుగా తెలుసు. కజకిస్తాన్ పద్ధతి వేరు. అక్కడ జడ్జి, జ్యూరీ సభ్యులు ఒకే గదిలో కూర్చుని నేరమూ శిక్షా కలిసే తేలుస్తారు. మా విద్యార్థిని కళ్లతో చూసిన కోర్టులో ఆ రెండు దశల మధ్య గోడే లేదు. లేని గోడకు రెండు వైపులా రెండు మాటలు పెట్టమంటే ఎవరికైనా కష్టమే.

ఈ విషయంలో మనం కొంచెం నయం. మన దగ్గరా జ్యూరీ లేదు, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా పోయింది. అయినా దోషి అని తేల్చాక శిక్ష మీద విడిగా వాదనలు వినాలని ఆ కోడే చెప్పింది. అందుకే మన పేపర్లలో ‘దోషిగా తేల్చిన కోర్టు, రేపు శిక్ష ఖరారు’ అని రెండు రోజులు రెండు హెడ్డింగులు వస్తాయి. ఈ సంగతి చెబితే ఆవిడ ఆసక్తిగా విన్నారు. ‘అంటే మీకు ప్రిగవోర్ ఒక రాత్రి నిద్రపోయి లేస్తుందన్నమాట’ అన్నారు. ఆ మాటను తర్వాత బ్యాచులన్నిటిలో వాడుకున్నాను.

రెండో మూలం విభక్తులు. రష్యన్‌లో హత్య ‘జా’ దోషి అవుతారు, అంటే హత్యకు గాను. అక్కడి నుంచి వచ్చిందే ‘కన్విక్టెడ్ ఫర్’. హత్య ‘వ్’ నిందితులవుతారు, అంటే హత్యలో. దాని నుంచి ‘అక్యూజ్డ్ ఇన్’. ఇంగ్లిష్‌లో రెంటికీ ‘ఆఫ్’ వాడాలి, ‘చార్జ్‌డ్’ పక్కన మాత్రం ‘విత్’. మరణానికి శిక్షించడం ఒక్కచోటే రెండు భాషలూ కలుస్తాయి. రష్యన్ ‘క్’, ఇంగ్లిష్ ‘టు’. ఆ ఒక్క వాక్యంలో ఆవిడ ఏనాడూ తప్పు చేయలేదు. రష్యన్ విద్యార్థులున్న టీచర్లకు ఇది మంచి ఆధారం. సరిగ్గా వచ్చే ఆ వాక్యం నుంచే మొదలుపెట్టి మిగతావి దాని పక్కన నిలబెట్టాలి.

మూడోది ఆర్టికల్స్. క్యాపిటల్ పనిష్మెంట్ ముందు ఏమీ రాదు. డెత్ పెనాల్టీ ముందు ‘ది’ కావాలి. డెత్ సెంటెన్స్ ముందు ఎక్కువగా ‘ఎ’ వస్తుంది. మూడూ ఒకే సంగతి చుట్టూ తిరిగేవే, మూడింటికి మూడు రకాలు. ఇక్కడ నాకు ఆవిడ మీద కోపం రాలేదు. రష్యన్‌లోనూ ఆర్టికల్స్ లేవు, తెలుగులోనూ లేవు. డిగ్రీ దాకా నేనూ ‘ది’లను తాలింపులో ఆవాల్లా చల్లినదాన్నే. క్యాపిటల్ పనిష్మెంట్ ఒక ఏర్పాటు, గాలీ నీరూ లాగా లెక్కపెట్టలేం. డెత్ సెంటెన్స్ ఒక మనిషికి ఒక రోజు ఒక జడ్జి వేసేది, అది లెక్కకు వస్తుంది. ఇలా చెబితే కొంత ఎక్కింది. పూర్తిగా మాత్రం ఎక్కలేదు.

మిగిలినవి చిల్లర చిక్కులు. రష్యన్‌లో ‘పరోల్’ అంటే పాస్‌వర్డ్, కాబట్టి ‘లైఫ్ వితౌట్ పెరోల్’ మొదటిసారి చదివి ఆవిడ నవ్వారు. నవ్వడానికి నాకూ పెద్ద అర్హత లేదు. మన జైళ్లలో పెరోల్ అంటే కొన్నాళ్లు ఇంటికి వెళ్లి తిరిగి రావడం. అమెరికాలో అది శిక్షాకాలం పూర్తి కాకముందే షరతుల మీద విడుదల. ‘క్యాపిటల్’ మాట లాటిన్‌లో తల అనే మాట నుంచి వచ్చింది. ఆవిడకు మాత్రం అది వినగానే ఇంటి రిపేరు గుర్తొచ్చేది, రష్యన్‌లో పెద్ద రిపేరును ‘కపితాల్నీ’ అంటారు. ‘ఎగ్జిక్యూట్’ సంగతి మరీ తమాషా. కాంట్రాక్టు లాయరుగా ఆవిడకు అది సంతకం చేసి పూర్తి చేయడం. నాకు సివిల్ కోర్టు అలవాటు కొద్దీ ఎగ్జిక్యూషన్ అంటే ముందు ఈపీ గుర్తొస్తుంది, డిక్రీ అమలుకు వేసే పిటిషన్. మనిషిని చంపడం అన్న అర్థం మా ఇద్దరికీ చివర్లోనే తడుతుంది.

చర్చ పెట్టిన రోజు

నాలుగో క్లాసులో పాఠ్యపుస్తకం ప్రకారం చర్చ పెట్టాను. మరణశిక్ష ఉండాలా, వద్దా. ఆవిడ ఉండాలి అనే పక్షాన, నేను వద్దనే పక్షాన. టోపిక్ వ్యాసంలోని వాక్యాలు రెండు చెప్పి ఆవిడ ఆగిపోయారు. తర్వాత నెమ్మదిగా ఇంగ్లిష్‌లో, ‘మా ముత్తాత చనిపోయిన తర్వాత రిహాబిలిటేట్ అయ్యారు’ అన్నారు.

నేను నవ్వేశాను. చనిపోయినవాళ్లకు రిహాబిలిటేషన్ ఏమిటి? నా చెవికి ఆ ఇంగ్లిష్ మాట అంటే డీఅడిక్షన్ సెంటరు, లేదంటే ప్రాజెక్టు కింద ఊళ్లు మునిగినవాళ్లకు ఇచ్చే పునరావాసం. తప్పు దిద్దుతున్నాననుకుని ‘రికవర్డ్ అనాలా?’ అని కూడా అడిగాను. ఆవిడ మొహం చూశాక గానీ అదే మాట రష్యన్‌లో నా తలలో వెలగలేదు. రెయబిలితీరవన్ పస్మెర్త్న. మరణానంతరం నిర్దోషిగా ప్రకటించబడినవాడు. ఆ మాట నేను చదువుకున్నదే. ఇంగ్లిష్ వేషంలో వచ్చేసరికి గుర్తుపట్టలేదు.

ఆయన రైల్వే ఉద్యోగి. స్టాలిన్ కాలంలో, 1938లో పోలీసులు పట్టుకెళ్లారు. కుటుంబానికి చెప్పింది ‘ఉత్తరాలు రాసుకునే హక్కు లేకుండా పదేళ్లు’ అని. ఆ కాలంలో చాలా కుటుంబాలకు అదే మాట చెప్పారు. చాలా సందర్భాల్లో దాని అసలు అర్థం, మనిషిని అప్పటికే కాల్చేశారని. ఆవిడ ముత్తవ్వ పదేళ్లూ లెక్కపెట్టుకుని ఎదురుచూసింది.

క్షమించమన్నాను. ఆవిడ పర్వాలేదన్నారు. ఆ రోజు క్లాసు అక్కడితో ఆపేశాం. క్రిమినల్ లా పదజాలం ఎందుకన్న ప్రశ్న అప్పుడు అడిగాను, నాలుగు క్లాసులు ఆలస్యంగా. కెనడాలో ఉన్న బంధువుల పిల్లలకు రష్యన్ రాదు. ఇంట్లో ఉన్న ఒక కాగితాన్ని వాళ్ల కోసం ఇంగ్లిష్‌లోకి మార్చాలి. ఏజెన్సీకి ఇవ్వడం ఆవిడకు ఇష్టం లేదు.

ఆ తర్వాత చర్చల పద్ధతి మానేశాను. ఈవిడతోనే కాదు, అందరితోనూ. మరణశిక్ష మీద ఉండాలా వద్దా అని పక్షాలు పంచే ముందు, ఎదురుగా ఉన్నవాళ్ల ఇంట్లో ఏం జరిగిందో మనకు తెలియదు. అదీకాక చర్చలో బయటికొచ్చేది కంఠతా వచ్చిన భాషే. కొత్త భాష రాదు.

ఒక్క ఫైలు, మొదటి నుంచి చివరి దాకా

అయిదో క్లాసు నుంచి పదాల జాబితాలు పక్కనపెట్టి ఒకే కేసు తీసుకున్నాం. మన కోర్టుల్లో డాకెట్ షీట్ ఉంటుంది కదా, ఏ తేదీన ఏం జరిగిందో వరసగా రాసేది. అలాంటిదే ఒకటి గీశాను. తేదీ, ఎవరు, ఏం చేశారు, ఎవరిని, ఏ విభక్తితో. కేసు డెరెక్ బెంట్లీది.

1952 నవంబర్ 2న లండన్ శివారు క్రాయిడన్‌లో ఇద్దరు కుర్రాళ్లు ఒక గోడౌన్ కప్పు మీదికి ఎక్కారు. క్రిస్టొఫర్ క్రెయిగ్‌కు 16 ఏళ్లు, బెంట్లీకి 19. తుపాకీ క్రెయిగ్ చేతిలో ఉంది. సిడ్నీ మైల్స్ అనే కానిస్టేబుల్‌ను క్రెయిగ్ కాల్చి చంపాడు. అప్పటికే బెంట్లీ పోలీసుల పట్టులో ఉన్నాడు. ఇద్దరి మీదా హత్య నేరం మోపారు. 18 ఏళ్లు నిండలేదు కాబట్టి క్రెయిగ్‌ను ఉరితీయడానికి వీల్లేదు. బెంట్లీని తీయొచ్చు.

కేసులో ఒక వాక్యం కీలకమైంది. కాల్పులకు ముందు బెంట్లీ ‘లెట్ హిమ్ హావ్ ఇట్, క్రిస్’ అని అరిచాడని పోలీసులు చెప్పారు. అలా అనలేదని కుర్రాళ్లిద్దరూ చెప్పారు. అన్నాడనే అనుకుందాం. ‘అడుగుతున్నాడు కదా, తుపాకీ ఇచ్చెయ్’ అనా? ‘కాల్చెయ్’ అనా? ఇంగ్లిష్‌లో రెండూ వస్తాయి. ‘వాడికి రెండు ఇచ్చాను’ అంటే రూపాయలో దెబ్బలో మన దగ్గర కూడా సందర్భమే చెప్పాలి. ఆవిడకు ఇది నేను వివరించాల్సిన పని పడలేదు. రష్యన్ పిల్లలందరికీ బడిలో నేర్పే మూడు మాటలు ఉన్నాయి: ‘కజ్నీత్ నెల్జ్యా పమీలవత్.’ మొదటి మాట తర్వాత కామా పెడితే ‘చంపండి, క్షమించడానికి వీల్లేదు’. రెండో మాట తర్వాత పెడితే ‘చంపడానికి వీల్లేదు, క్షమించండి’. ఆవిడ వెంటనే ఆ మూడు మాటలూ చాట్‌లో టైప్ చేసి, ‘బెంట్లీకి కామా ఎవరు పెట్టారు?’ అని అడిగారు.

ఎవరు పెట్టారో వరసగా డాకెట్‌లోకి ఎక్కించాం. డిసెంబర్‌లో జ్యూరీ 75 నిమిషాల్లో ఇద్దరూ దోషులని వర్డిక్ట్ ఇచ్చింది. బెంట్లీ విషయంలో దయ చూపమని సిఫారసు కూడా చేసింది. జడ్జి లార్డ్ గొడార్డ్ మరణశిక్ష వేశారు. అప్పటి చట్టంలో హత్యకు వేరే శిక్ష లేదు, వేయక తప్పదు. ఈ ఒక్క వరసతో వర్డిక్ట్, సెంటెన్స్ విడిపోయాయి. జ్యూరీ దయ చూపమంది, జడ్జి మరణం అన్నాడు, రెండూ ఒకే రోజు ఒకే గదిలో. ప్రిగవోర్ అన్న ఒక్క మాటలో ఈ రెండూ ఎలా ఇముడుతాయి? ఇమడవు. రెండు క్లాసులు ఫ్లాష్ కార్డులతో పెట్టిన పాట్లు ఇక్కడ పది నిమిషాల్లో తీరాయి.

క్రెయిగ్‌కు పడిన శిక్ష పేరు మళ్లీ ఒక ముచ్చట: ‘డిటెయిన్డ్ ఎట్ హర్ మెజెస్టీస్ ప్లెజర్’. నిఘంటువు ప్రకారం ఆవిడ దాన్ని రాణిగారి ఆనందం అని చదివారు. గడువు చెప్పకుండా నిర్బంధించడం దాని అర్థం. రాష్ట్రపతి ‘ప్లెజర్’ ఉన్నంతకాలం గవర్నర్ పదవిలో ఉంటారని మన రాజ్యాంగంలోనూ ఉంది, అదే పాత ఇంగ్లిష్. క్రెయిగ్ పదేళ్లకు బయటికొచ్చాడు.

జనవరిలో బెంట్లీ అప్పీలు కొట్టేశారు. హోం సెక్రటరీ డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్ రిప్రీవ్ ఇవ్వలేదు, అంటే ఉరి ఆపలేదు. ఆ పేరు ఆవిడకు తెలుసు. నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో గోరింగ్‌ను క్రాస్ ఎగ్జామిన్ చేసిన బ్రిటిష్ లాయరు ఆయనే. ఆ విచారణ గురించి రష్యన్ మాట్లాడేవాళ్లు మనకంటే ఎక్కువ చదువుకుంటారు. 1953 జనవరి 28న వాండ్స్‌వర్త్ జైల్లో బెంట్లీని ఉరితీశారు. మనిషికి ‘హ్యాంగ్‌డ్’, గోడ మీద ఫొటోకు ‘హంగ్’ అని ఇక్కడ చెప్పాను. మన పాత కోడ్‌లో కూడా ప్రాణం పోయేదాకా మెడకు ఉరి వేయాలన్న చోట ‘హ్యాంగ్‌డ్’ అనే ఉంటుంది. ఆవిడకు ఇప్పటికీ ‘హంగ్’ అనే వస్తుంది. వదిలేశాను.

నిజానికి ఈ ఫైలులో పదజాలం చిక్కగా ఉండేది ఉరి తర్వాతే. 1993లో బెంట్లీకి పార్డన్ ఇచ్చారు, కానీ శిక్ష వరకే. ఉరి తీసి ఉండాల్సింది కాదు అన్నారు, దోషి అన్న మాట మాత్రం అలాగే ఉంచారు. 1998 జూలై 30న అప్పీల్ కోర్టు ఆ కన్విక్షన్‌నే క్వాష్ చేసింది, ఆనాటి జడ్జి జ్యూరీకి చెప్పిన తీరు వల్ల న్యాయమైన విచారణ జరగలేదని. రిప్రీవ్ అంటే ఆపడం. కమ్యూట్ అంటే తగ్గించి మార్చడం. పార్డన్ అంటే మన్నించడం, మన్నించాలంటే ముందు తప్పు ఉండాలి. క్వాష్ అంటే తప్పే లేదన్నట్టు చెరిపేయడం. తెలుగులో క్షమాభిక్ష అన్న మాటతో మనం వీటిలో మూడింటిని లాగించేస్తాం. చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఇద్దరి ఉరిని 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చినప్పుడూ క్షమాభిక్ష అనే రాశారు. ఇంగ్లిష్‌లో అది కమ్యూట్. వాళ్లను ఎవరూ మన్నించలేదు, ప్రాణం తీయలేదంతే. రష్యన్ ‘పమీలవానియే’ కూడా మన క్షమాభిక్ష లాగే వెడల్పాటి మాట. అందుకే ఆవిడకు ఈ తేడా తెలుగు నుంచి చెబితేనే బాగా అర్థమైంది.

ఒక క్లాసు మొత్తం బెంట్లీ వాంగ్మూలం మీద గడిచింది. అది కుర్రాడు సొంతంగా చెప్పిన మాటలేనని పోలీసులన్నారు. భాషాశాస్త్రవేత్త మాల్కం కూల్‌థార్డ్ తర్వాత దాన్ని పరిశీలించాడు. 582 మాటల్లో ‘దెన్’ 10 సార్లు వచ్చింది. అందులోనూ ‘దెన్ ఐ’ అనాల్సిన చోట ‘ఐ దెన్’ అని వచ్చింది. మామూలు మనుషులు అలా మాట్లాడరు, పోలీసు రిపోర్టుల్లో అలా రాస్తారు. ‘సదరు ముద్దాయి అనగా’ అని ఒక పల్లెటూరి కుర్రాడి నోట పెట్టినట్టు. ఆ రోజు ఆవిడ వర్డ్ ఆర్డర్ మీద చూపించిన శ్రద్ధ ఏ వ్యాకరణ పాఠంలోనూ చూపించలేదు.

ఆపడం వేరు, ఎత్తేయడం వేరు

మధ్యలో ఒకసారి నేను కజకిస్తాన్‌నూ రష్యానూ ఒకే గాట కట్టి ‘మారటోరియం ఉన్న దేశాలు’ అన్నాను, అంటే మరణశిక్షను తాత్కాలికంగా ఆపి ఉంచినవి. ఆవిడ ఒప్పుకోలేదు. నేను విద్యార్థిని అయిన క్లాసు అది.

కజకిస్తాన్‌లో 2003 చివర్లో వచ్చిన మారటోరియం శిక్ష అమలు మీద. కోర్టులు శిక్ష వేయొచ్చు, అమలు చేయకూడదు. 2016లో అల్మాటీలోనే ఒక కోర్టు మరణశిక్ష వేసింది. అది అమలు కాలేదు. 2021లో చట్టం నుంచే తీసేశారు. రష్యాలో అలా కాదు. 1996 తర్వాత అక్కడ ఎవరికీ మరణశిక్ష అమలు చేయలేదు. 1997లో యూరప్ మానవ హక్కుల ఒప్పందంలో మరణశిక్షను రద్దు చేసే 6వ ప్రోటోకాల్ మీద సంతకం పెట్టారు, ధ్రువీకరించలేదు. 1999లో రాజ్యాంగ న్యాయస్థానం, దేశమంతా జ్యూరీలు వచ్చేదాకా ఏ కోర్టూ ఈ శిక్ష వేయకూడదంది. 2009లో, జ్యూరీలు వచ్చినా వేయకూడదంది. కాబట్టి అక్కడి నిషేధం వేయడం మీదే. క్రిమినల్ కోడ్‌లో మాత్రం ఆ శిక్ష ఇప్పటికీ రాసి ఉంది. 2022లో రష్యాను ఆ ఒప్పందం వెనక ఉన్న కౌన్సిల్ ఆఫ్ యూరప్ నుంచి తీసేశాక, 2024లో మాస్కో దగ్గర క్రోకస్ కచేరీ హాల్ మీద ఉగ్రవాద దాడి జరిగాక, దాన్ని తిరిగి తేవాలన్న మాటలు గట్టిగా వినిపించాయి. పక్కనే బెలారస్‌లో కాల్చి చంపడం నేటికీ ఉంది.

‘పాస్ ఎ సెంటెన్స్’, ‘క్యారీ అవుట్ ఎ సెంటెన్స్’, ‘సస్పెండ్’, ‘అబాలిష్’. ఈ నాలుగింటికీ ఇంతకంటే మంచి ఉదాహరణలు నా పుస్తకాల్లో లేవు. ఆ పేజీ ఇప్పుడు నా పాఠంలో ఆవిడ చెప్పినట్టే ఉంది.

కాగితం

పదో క్లాసుకు ఆవిడ ఇంట్లో ఉన్న ఆ కాగితం తెచ్చారు, స్ప్రావ్కా, అంటే ధ్రువపత్రం. అరపేజీ కాగితం, టైపు మిషన్ అక్షరాలు, 1950ల చివరి తేదీ, కింద ముద్ర. ఫలానా వ్యక్తి మీద 1938లో త్రోయ్కా ఇచ్చిన నిర్ణయాన్ని రద్దు చేశాం, నేరాంశాలు లేనందున కేసు మూసేశాం, మరణానంతరం రెయబిలితీరవన్. అంతే.

మొదటి ప్రయత్నంలో ఆవిడ కంఠతా వచ్చిన మాటలతోనే అనువదించారు. కన్విక్టెడ్, సెంటెన్స్‌డ్ టు డెత్, ఎగ్జిక్యూటెడ్. విభక్తులన్నీ సరిగ్గా ఉన్నాయి, వ్యాకరణం తప్పు లేదు. నేను దిద్దకుండా, డాకెట్ షీట్ నింపమని మాత్రం అడిగాను. తేదీ, ఎవరు, ఏం చేశారు.

‘ఎవరు’ అన్న గడి దగ్గర ఆగిపోయారు. త్రోయ్కా కోర్టు కాదు. 1937 జూలై 30 నాటి 00447 నంబరు ఆదేశంతో రహస్య పోలీసు విభాగం కింద ఏర్పడిన ముగ్గురు మనుషుల బల్ల. సాధారణంగా ఆ ప్రాంత పోలీసు అధిపతి, పార్టీ కార్యదర్శి, ప్రాసిక్యూటర్. ముద్దాయిని పిలవరు, లాయరు ఉండడు, అప్పీలు లేదు. జాబితాల్లో పేర్ల పక్కన మొదటి వర్గం అని ఉంటే కాల్చివేత, రెండో వర్గం అని ఉంటే ఎనిమిది నుంచి పదేళ్ల క్యాంపు. ఆ కాగితంలో కూడా ప్రిగవోర్ అన్న మాట లేదు, పస్తనవ్లేనియే అని ఉంది, తీర్మానం లాంటిది. ఇన్నేళ్లూ చూస్తూ ఆ తేడా గమనించలేదని ఆవిడ అన్నారు.

జ్యూరీ లేదు కాబట్టి వర్డిక్ట్ కొట్టేశారు. కోర్టు లేదు కాబట్టి కన్విక్టెడ్ కొట్టేశారు. జడ్జి లేడు, సెంటెన్స్ పోయింది. ‘ఎగ్జిక్యూటెడ్’ మీద కొంచెం వాదించుకున్నాం. వాడొచ్చు, చరిత్రకారులు వాడతారని నేనన్నాను. ‘నేను చరిత్రకారిణిని కాదు. ఆ మాట వెనకాల ఒక కోర్టు నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది’ అన్నారు. ‘నేరాంశాలు లేనందున’ అన్నదానికి రష్యన్ నిఘంటువులు తరచూ ‘కార్పస్ డెలిక్టీ’ చూపిస్తాయి. ఇంగ్లిష్ న్యాయంలో అది అసలు నేరం జరిగిందనడానికి ఆధారం, సంగతి వేరు. ఆవిడ దాన్ని ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ ఎ క్రైమ్ వర్ నాట్ ప్రెజెంట్’ అని మామూలు మాటల్లో రాశారు. రిహాబిలిటేటెడ్ బదులు ఎగ్జానరేటెడ్ (నింద తొలగించిన) అన్న మాట ఇస్తానన్నాను. కొంచెంసేపు ఆలోచించి వద్దన్నారు. అసలు మాటనే కోట్స్‌లో ఉంచి, కింద ఒక వాక్యంలో అర్థం రాశారు.

పన్నెండో క్లాసులో వచ్చిన చివరి ప్రతిలో మధ్య వాక్యం ఇలా ఉంది: ‘ఆన్ ది డెసిషన్ ఆఫ్ ఎ త్రీ-మ్యాన్ బోర్డ్, నాట్ ఎ కోర్ట్, హీ వజ్ షాట్.’ ఆర్టికల్స్ అన్నీ సరిగ్గా పడ్డాయి. ‘నాట్ ఎ కోర్ట్’కు అటూ ఇటూ కామాలు ఉండాలా, తీసేయాలా అని అడిగారు. ఉంచమన్నాను.